పక్కసీటు రాగం

ఏప్రిల్ 3

ముప్ఫై ఒక్క వేలట. మెకానిక్ చెప్పగానే నవ్వాను. అతను నవ్వలేదు.

కారు ముందువైపు నుంచి సన్నగా ఏదో చప్పుడు వస్తోందని తీసుకెళ్ళాను. బానెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజనుకీ ఇంకో కొస చెవికీ ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. వాటర్ పంపు బేరింగు పోయిందన్నాడు. ఆ పంపును తిప్పేది టైమింగ్ బెల్టు. అది కూడా మార్చాల్సిన గడువు ఎప్పుడో దాటిపోయింది. పంపు బిగుసుకుంటే బెల్టు తెగుతుంది. బెల్టు తెగితే ఇంజను లోపలి సామాన్లన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని మూలపడతాయి. పంపు ఖరీదు చూస్తే నాలుగు వేలే. బెల్టు, దాని చక్రాలు కలిపి ఇంకో తొమ్మిది. మిగతాదంతా విప్పి బిగించే కూలి. అక్కడికి చెయ్యి వెళ్ళాలంటే ఇంజను ముందు భాగమంతా విప్పాలట. విప్పినప్పుడే రెండూ మార్చేస్తే మళ్ళీ అదే కూలి ఇచ్చుకునే పని ఉండదట.

"బెల్టు తెగే ముందు చెప్పి తెగదు, చిన్న మేడమ్. పంపు మాత్రం చెప్తోంది. అది మన అదృష్టం," అన్నాడు.

అదృష్టానికి ముప్ఫై ఒక్క వేలా అని అడిగాను. ఒళ్ళు మండిపోయింది. పెద్ద మేడమ్ ఉంటే ఇన్ని మాటలు ఉండేవి కాదని గొణుక్కుంటూ చేతులు తుడుచుకున్నాడు. ఆ మాట వినపడనట్టు బానెట్ దించాను.

ఒక రౌండు నడిపి చూస్తానని ఒక్కడే తీసుకెళ్ళి తెచ్చాడు. దిగాక చూస్తే పక్కసీటు బెల్టు పెట్టి ఉంది. ఇదెందుకు పెట్టావయ్యా అంటే కాసేపు బుర్ర గోక్కున్నాడు. ఆ చప్పుడు వింటుంటే పక్కన మనిషి ఉన్నట్టే ఉందట. ఏదో ధ్యాసలో లాగి పెట్టేశాడట.

వచ్చే నెల చూద్దాం.

ఏప్రిల్ 4

కంపెనీ సర్వీస్ సెంటరుకి ఫోన్ చేశాను. వాళ్ళు నలభై ఏడు అన్నారు. కాఫీ ఉచితమట.

ఏప్రిల్ 8

పొద్దున మొదటి క్లాసు నర్సుది. ఆవిడ కాలు యాక్సిలరేటర్ మీద పడిందంటే ఇక లేవదు, ఇంజను గీపెడుతూ ఉంటుంది. ఇవాళ నేను నోరు తెరిచేలోపే తనే కాలు తీసేసి, సారీ మేడమ్ అంది. మలుపు దగ్గర మళ్ళీ అలాగే. గోడ పక్క రివర్సు పెడుతున్నప్పుడు మళ్ళీ. ప్రతిసారీ నా కంటే ముందే సర్దుకుంది. ఇన్ని సారీలు ఎందుకమ్మా అని అడిగాను.

"మీరు అలా సన్నగా రాగం తీస్తుంటే కాలు దానంతటదే లేచిపోతోంది మేడమ్. మీరు అరిచేదాని కంటే ఇదే నయం," అంది.

నేను నోరు విప్పలేదు. ఇవాళ ఎవరి మీదా అరవనని పొద్దున్నే ఒట్టు పెట్టుకుని, పళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

ఈ నర్సు చేరింది పోయిన నెలలో. అక్కను చూడనే లేదు.

ఏప్రిల్ 9

అది పంపు. ఇంజను వేగం పెరిగితే పంపు వేగం పెరుగుతుంది, చప్పుడు పైకి లేస్తుంది. కాలు తీస్తే దిగుతుంది. ఇందులో వింతేమీ లేదు. పదిహేడేళ్ళుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నదాన్ని, ఆ మాత్రం తెలియదా.

ఏప్రిల్ 12

మాకిద్దరికీ పేర్లున్నాయి. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు పెట్టినవే. నేను హారన్ మేడమ్‌ని, అక్క రాగం మేడమ్. మా ఎదుట అనరు కానీ మాకు తెలుసు. అక్క అయితే ఆ పేరు విని మురిసిపోయేది.

తను ఎవరి మీదా గొంతు లేపేది కాదు. పక్కసీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అంతా సరిగ్గా ఉంటే చప్పుడే ఉండదు. ఏదో తేడా రాబోతోందంటే మూసిన పెదాల వెనక సన్నగా రాగం మొదలయ్యేది. ప్రమాదం దగ్గరికొచ్చే కొద్దీ అది పైకి లేచేది. పూర్తిగా పైకి వెళ్ళిందంటే ఆపెయ్యమని. ఆపాక మెట్టు మెట్టుగా దిగి ఆగిపోయేది. అంతే, ఇంకో మాట ఉండదు. ఇంట్లోనూ ఇదే పద్ధతి. తన కూతురు పిట్టగోడ ఎక్కినా, పాలు పొంగబోతున్నా ఇదే రాగం. మా పిచ్చుక, అదే ఆ పిల్ల, నడక నేర్చింది ఆ రాగం మీదే.

నేను పక్కసీట్లో ఉంటే జనం చెమటలు కక్కుతారు. అక్క ఉంటే చెవులు రిక్కించి నడిపేవాళ్ళు. నేనొక ఏడాదిలో పాస్ చేయించేంతమందిని తను నాలుగు నెలల్లో చేయించేది. నాకు కుళ్ళు కూడా ఉండేది, అబద్ధమెందుకు.

జనవరి ఆఖర్లో ఆ రోజు క్యాషియర్ క్లాసు. బ్యాంకులో పనిచేసే పెద్దమనిషి, యాభై దాటాక కారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. రాగం లేకుండా ఒక్క వీధి దాటలేని మనిషి. ఆ రోజు వంతెన దాటి, మార్కెట్ చుట్టి, స్టేషన్ రోడ్డు మీదుగా వచ్చి, ఆఫీసు ముందు రెండు కార్ల మధ్య ఒక్క ఊపులో రివర్సు పెట్టాడు. దిగి లోపలికి వచ్చాడు, మొహం వెలిగిపోతోంది. వంతెన దాటాక మేడమ్ ఒక్కసారి కూడా రాగం తీయలేదండీ అన్నాడు. అయ్యవారికి లైసెన్సు వచ్చేసినట్టే అని అక్కను ఏడిపిద్దామని నవ్వుకుంటూ బయటికి వెళ్ళాను. బెల్టు పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా ముందుకు చూస్తూ కూర్చుని ఉంది.

గుండె ఆగి గంట దాటిందని డాక్టర్ చెప్పాడు.

గంటకు పైగా మా అక్క ప్రాణం లేకుండా పక్కన కూర్చుంటే అతను ఊరంతా తిప్పాడు. చప్పుడు లేదు కాబట్టి అంతా బాగుందనుకున్నాడు. నిజంగానే అంత బాగా ఎప్పుడూ నడపలేదట.

ఏప్రిల్ 16

కొత్తవాళ్ళు ఐదుగురు చేరారు, అందరూ నర్సు చెప్పి పంపినవాళ్ళే. హారన్ మేడమ్ మారిపోయిందని చెప్పిందట. ఫీజులు వచ్చాయి. అంటే ముప్ఫై ఒక్క వేలు సమకూరినట్టే.

మెకానిక్ ఫోన్ చేశాడు. కొత్తవాళ్ళు చేరారు, ఇప్పుడు కారు రెండు రోజులు నీ దగ్గర పెడితే నా కొంప మునుగుతుందన్నాను. అది నిజం కూడా.

ఏప్రిల్ 19

పరీక్షకి నలుగురిని పంపితే నలుగురూ పాసయ్యారు. పరీక్ష పెట్టే ఆఫీసరు ఏం చేస్తున్నారండీ ఈ మధ్య అని అడిగాడు. ఏమీ చేయడం లేదన్నాను. నిజంగానే ఏమీ చేయడం లేదు. నోరు మూసుకుని కూర్చుంటున్నాను.

ఇవాళ ఒకటి జరిగింది. టైలరు నడుపుతున్నాడు, వీధి ఖాళీగా ఉంది, కారు నెమ్మదిగా పోతోంది. ఉన్నట్టుండి చప్పుడు పైకి లేచింది. అతను టక్కున బ్రేకు వేశాడు. ఆగి ఉన్న వ్యాను వెనక నుంచి ఒక కుక్కపిల్ల రోడ్డు మీదికి వచ్చింది. దాని వెనకే దాన్ని పట్టుకోవడానికి ఒక ఆడపిల్ల.

ఇంజను వేగం పెరగలేదు. టైలరు కాలు యాక్సిలరేటర్ మీద లేదు. నేను చూశాను.

చూశాననే అనుకుంటున్నాను.

ఏప్రిల్ 21

ఇవాళ సెలవు, క్లాసులు లేవు. పెట్రోలు పోయించుకుందామని బయటికి తీశాను. డ్రైవరు సీట్లో కూర్చున్నాను. పక్కసీటు బెల్టు నేనే లాగి పెట్టాను. పెట్టకపోతే అది తలుపుకి తగిలి టకటకమంటుంది.

బంకు ఊరి ఈ చివరే ఉంది. నేను వంతెన దాకా వెళ్ళొచ్చాను. దారంతా అది తీస్తూనే ఉంది. చాలా రోజుల తర్వాత తిట్టాను, మనసారా. నన్ను ఇన్ని బరువుల్లో వదిలేసి నువ్వు హాయిగా కూర్చున్నావే అన్నాను. పిచ్చుక అన్నం సరిగ్గా తినడం లేదన్నాను. బావ ఓడ ఇంకా రెండు నెలలకి గానీ ఒడ్డుకి రాదన్నాను. సిగ్నల్ దగ్గర ఆగితే కిందికి దిగి సన్నగా ఊఁ కొడుతోంది.

పక్క బైకు మీది మనిషి నన్ను ఎగాదిగా చూశాడు. చూస్తే చూశాడు.

ఏప్రిల్ 22

కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గింది. పోశాను.

ఏప్రిల్ 25

మళ్ళీ తగ్గింది. పోశాను. ఎండలకి ఆవిరవుతుంది.

ఏప్రిల్ 27

పిచ్చుక డ్రైవింగ్ నేర్చుకుంటానని కూర్చుంది. పద్దెనిమిది నిండగానే అమ్మ నేర్పిస్తానందట. అమ్మ లేదు కదా, నువ్వు నేర్పించు అంది. అమ్మ కారులోనే నేర్పించాలట. ఇంతకాలం ఆ కారు వైపు చూడను కూడా చూడని పిల్ల. ఏమంటాను? ఎక్కమన్నాను.

సీటు ముందుకి జరుపుకుంది, అద్దాలు సర్దుకుంది, తాళం తిప్పింది. చప్పుడు మొదలైంది. పిల్ల స్టీరింగు మీద చేతులు పెట్టి అలాగే ఉండిపోయింది.

"ఎప్పటి నుంచి?" అంది.

ఏది అన్నాను. నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. కళ్ళు అచ్చం దాని అమ్మవే. తర్వాత క్లచ్ తొక్కి గేరు వేసింది. పిల్ల నడిపినంతసేపు చప్పుడు చాలా కిందుగా, మెత్తగా ఉంది. కూతురని దానికి తెలుసు.

ఇది చదివితే నన్ను నేనే ఆసుపత్రిలో చేర్చుకుంటాను. పంపుకి కూతురేమిటి.

మే 1

మెకానిక్ దారిలో ఎదురుపడ్డాడు. కారు ఆపమని చెయ్యి ఎత్తాడు. ఆపలేదు.

మే 4

క్యాషియర్ వచ్చాడు.

జనవరి తర్వాత ఇటువైపు రాలేదు. మిగిలిన క్లాసులు పూర్తి చేస్తానన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో స్కూటరు కూడా ముట్టుకోలేదట. దీని నుంచి పారిపోతే ఇక ఎప్పటికీ రోడ్డు మీదికి రాలేనని భార్య నచ్చజెప్పి పంపిందట. మనిషి సగమయ్యాడు. నాకు అతని మీద కోపం ఉందనుకున్నాను, చూశాక లేదు.

తాళం తిప్పగానే అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏమిటండీ అది అన్నాడు. వాటర్ పంపు బేరింగు అన్నాను. గడగడా చెప్పేశాను, బెల్టు, పంపు, విప్పితే ఎంత, విప్పకపోతే ఎంత, అంతా. అతను వినలేదు. వంతెన మొదట్లో చప్పుడు లేవడం మొదలుపెట్టగానే పక్కకి తీసి ఆపేశాడు. దిగి, రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. నేనూ దిగాను.

"ఆ రోజు ఇక్కడే తీశారండీ, ఆఖరిసారి," అన్నాడు. "పూర్తిగా పైకి. ఆపమని. నేను ముందు చూశాను, వెనక చూశాను, రోడ్డు మీద ఏమీ లేదు. ఏం తప్పు చేశానో తెలియలేదు. కొంచెం వేగం తగ్గించాను. రాగం ఆగిపోయింది. సర్దుకున్నాననుకున్నాను."

రోడ్డు మీద ఏమీ లేదండీ అని మళ్ళీ అన్నాడు. అలా ఎన్నిసార్లు అన్నాడో. ఆపి ఉంటే పక్కకి చూసేవాణ్ణి, చూసి ఉంటే ఆసుపత్రి వంతెన కిందే ఉంది కదండీ అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. కారు తాళం నేను తీసుకుని, అతన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి ఇంటి దగ్గర దింపాను. వెనక సీట్లో కూడా చెవులు మూసుకునే కూర్చున్నాడు.

మే 5

వంతెన ఎత్తు. ఎక్కేటప్పుడు ఇంజను మీద భారం పడుతుంది. అందుకే అక్కడ పైకి లేస్తుంది. ఎవరి కారైనా అంతే.

మే 6

మా కారు మాత్రమే అంత పైకి లేస్తుంది.

మే 9

రాత్రి భోజనాల దగ్గర పిచ్చుక ఒక కవరు తెచ్చి నా ముందు పెట్టింది. వాళ్ళ నాన్న పుట్టినరోజుకి పంపిన డబ్బు, ఫోను కొనుక్కోమని పంపాడు. దీంతో కారు బాగుచేయించు పిన్నీ అంది. మెకానిక్ దాన్ని కూడా రోడ్డు మీద ఆపి చెప్పాడట.

అరికాలి మంట నెత్తికెక్కింది. డబ్బు లేక కాదే అని అరిచాను. ఇల్లు దద్దరిల్లింది. అరిచాక ఆ మాట నాకే వినిపించింది. మరి ఎందుకు అని పిల్ల అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. కవరు అక్కడే వదిలి లోపలికి వెళ్ళిపోయింది.

కొత్త పంపు వేస్తే చప్పుడు పోతుంది. అంతే కదా మెకానిక్ చెప్పేది. గ్యారంటీతో చెప్తున్నా మేడమ్, చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా ఉండదు అన్నాడు. ముప్ఫై ఒక్క వేలు ఇచ్చి ఆ పని చేయించుకోవాలట నేను.

పిచ్చుక పరీక్ష ఈ నెలాఖరుకి. అది అయ్యాక చేయిస్తాను. ఖాయం.

మే 11

కూలెంట్ పోశాను.

మే 14

ఇది ఇప్పుడే రాస్తాను. ఇవాళ రాయకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

పిచ్చుకకి ఇవాళ పెద్ద రోడ్డు మీద క్లాసు. బాగా నడుపుతోంది, అచ్చం వాళ్ళ అమ్మలాగా, చేతుల్లో కంగారు లేదు. వంతెన దగ్గరికి వచ్చాం. చప్పుడు లేవడం మొదలుపెట్టింది. నేను రోజూ ఎదురుచూసేది అక్కడి కోసమే. రెండు కాళ్ళూ నేర్పేవాళ్ళ కోసం నా వైపు ఉన్న బ్రేకు మీది నుంచి తీసి వెనక్కి ముడుచుకున్నాను. తల వెనక్కి వాల్చాను. పక్కన లారీలు పోతున్నాయి, వెనక ఒక బస్సు. చప్పుడు లేస్తోంది. ఇంతకు ముందు ఎప్పుడూ లేవనంత పైకి. ఇంకొంచెం పైకి వెళ్తే మాట వస్తుందనిపించింది. దేవుడి సాక్షిగా అలాగే అనిపించింది.

నేను పిల్లతో అన్నాను. "ఇంకొంచెం తొక్కవే."

నేనే అన్నాను. ఇంజను వేడి ముల్లు ఎర్ర గీత దాటి ఉంది. అది కూడా కనిపిస్తోంది నాకు.

"పిన్నీ, అమ్మ ఆపమంటోంది," అంది పిచ్చుక.

లేదు, పాడుతోందే, నీ కోసమే అన్నాను. ఇంకా ఏదో అన్నాను. పిల్ల నా మాట వినలేదు. ఇండికేటర్ వేసింది, అద్దంలో చూసింది, బస్సుకి చెయ్యి చూపించింది, పక్కకి తీసుకుంది, ఆపింది. నేను నేర్పిన వరసలోనే, ఒక్కటి తప్పకుండా. తాళం తీసి నా చేతిలో పెట్టింది.

తాళం నా చేతిలో ఉంది. ఇంజను ఆగిపోయింది. చప్పుడు ఆగలేదు. పైనే కొంచెంసేపు ఉంది. తర్వాత మెట్టు మెట్టుగా దిగుతూ వచ్చి ఆగిపోయింది.

రేడియేటర్ ఫ్యాను కాదు. ఫ్యాను చప్పుడు నాకు తెలుసు. అది అప్పటికి మొదలే కాలేదు.

ఇద్దరం దిగి దూరంగా నిలబడ్డాం. కారు కింద నుంచి పచ్చటి నీళ్ళు రోడ్డు మీదికి పాకుతూ వస్తున్నాయి. పిచ్చుక చిన్నప్పుడు పిట్టగోడ దిగాక పట్టుకున్నట్టు నా చీర కొంగు పట్టుకుంది. వంతెన కింద ఆసుపత్రి కనిపిస్తోంది.

నలభై రోజులుగా అది ఒక్కటే మాట చెప్తోంది. ఆపమని. అక్క ఆ రాగంతో ఇంకేదైనా ఎప్పుడు చెప్పింది? వంతెన మీద క్యాషియర్ ఆపలేదు. అతనికి తెలియక. నాకేం తెలియదు?

మే 15

మెకానిక్ కారు లాక్కెళ్ళి బెల్టు మీది మూత విప్పి చూపించాడు. బెల్టు ఒక అంచు మొత్తం చిరిగిపోయి నాలుగు పోగుల మీద వేలాడుతోంది. పంపు చక్రం పట్టుకుని కదిపితే ఊగిసలాడుతోంది. ఆ ఎత్తు మీద ఇంకొంచెం తొక్కి ఉంటే అక్కడికక్కడే తెగేదన్నాడు. తెగితే ఇంజను చస్తుంది, స్టీరింగు రాయిలా బిగుస్తుంది, బ్రేకు గట్టిపడుతుంది, వెనక బస్సు. అక్కడితో ఆపాడు.

ఎన్నాళ్ళ నుంచి ఇంత చప్పుడు వస్తోంది మేడమ్ అని అడిగాడు. రెండు మూడు రోజులుగా అన్నాను. పిచ్చుక నా పక్కనే ఉంది. మెకానిక్ చూపు పంపు మీదికి తిప్పుకున్నాడు. ఏప్రిల్లో చెవికి ఆనించి విన్నది అతనే కదా.

చేసెయ్యమన్నాను. రెండూ మార్చమన్నాను. బేరం ఆడలేదు.

మే 19

కారు వచ్చింది. ముప్ఫై రెండు వేల నాలుగు వందలు, కూలెంటుతో కలిపి. పాత సామాను చూపించి తిరిగి ఇచ్చెయ్యడం మెకానిక్ పద్ధతి. కొత్త పంపు వచ్చిన అట్టపెట్టెలోనే పాతది పెట్టి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి అక్క బల్ల మీద పెట్టి చక్రం తిప్పి చూశాను. గరగరమంది. మళ్ళీ తిప్పాను. ఇనప ముక్క. దాంట్లో ఏమీ లేదు.

కారులో ఏమీ లేదు. తాళం తిప్పితే ఇంజను తిరుగుతోందా లేదా అని ముల్లు చూసుకోవాల్సి వస్తోంది. ఇవాళ నర్సు రెండుసార్లు వెనక్కి వెళ్ళి గోడకి ఆనించింది. మీకేమైనా కోపం వచ్చిందా మేడమ్ అంది.

అరిచాను. చాలా అరిచాను. ఆవిడ పాపం కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

మే 22

ఏమీ లేదు.

మే 26

పరీక్షకి ముందు ఆఖరి క్లాసు. పిచ్చుక తనే వంతెన వైపు తిప్పింది. నేను వద్దనలేదు.

కారు అరచేతిలో నీళ్ళలా పోతోంది. చప్పుడు లేదు. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. పెద్ద రోడ్డు ఎక్కాక చూశాను, పిల్ల క్షణక్షణానికీ నా వైపు తిరుగుతోంది. రోడ్డు చూడవే అన్నాను. చూస్తూనే ఉన్నా అంది. మళ్ళీ తిరిగింది. గేరు మార్చేటప్పుడు మోచెయ్యి కావాలనే నా చేతికి తగిలించింది. వంతెన మొదలైంది. పిల్ల పెదాలు తెల్లబడ్డాయి.

"పిన్నీ, ఏదో ఒకటి మాట్లాడు," అంది.

అప్పుడు నాకు అర్థమైంది. ఇదే వంతెన, ఇదే సీటు, బెల్టు పెట్టుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చున్న మనిషి, చప్పుడు లేదు. ఇన్నాళ్ళూ చప్పుడు పోయిందని నేను ఏడుస్తున్నాను. చప్పుడు లేని మనిషి పక్కన కూర్చుని ఈ పిల్ల వారం రోజులుగా కారు నడుపుతోంది.

మాట్లాడదామనుకున్నాను. నోరు తెరిస్తే అరుపో ఏడుపో వస్తుంది. పెదాలు మూసుకున్నాను. మూసుకుని, నా జన్మలో ఎప్పుడూ చేయనిది, సన్నగా తీశాను. కిందుగా. శ్రుతి లేదు, పాడూ లేదు. పంపు కంటే అన్యాయంగా ఉంది.

పిచ్చుక కాలు బ్రేకు మీదికి వెళ్ళిపోయింది. ఇండికేటర్, అద్దం, పక్కకి. ఆపి నా వైపు తిరిగింది, ఏమైంది పిన్నీ అని. మొహంలో ప్రాణం లేదు.

"ఆపమని కాదే," అన్నాను. "ఉన్నానని."

చాలాసేపు స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను వీపు మీద చెయ్యి వేశాను. పక్క నుంచి లారీలు పోతుంటే కారు ఊగుతోంది. కొంతసేపటికి ముక్కు తుడుచుకుని, అద్దం సర్దుకుని, అయితే తియ్యి అంది. వంతెన దిగేదాకా తియ్యి అంది.

తీశాను. పిల్ల గేరు వేసింది. ఇక నా వైపు తిరగలేదు, రోడ్డే చూసింది.

వంతెన నడిమధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఒకసారి ఆగాను. రాగం ఆగలేదు.

పిచ్చుక వైపు చూశాను. పెదాలు మూసుకునే ఉంది. మూసుకుని తీసేదే కదా అది, చూసి ఎవరిదో చెప్పలేం. నేను అడగలేదు. ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకున్నాను.